మండువా ఇంట్లో నెట్‌వర్క్: ఐదేళ్ల వాడకం తర్వాత

మూరెడు మందం గోడలున్న ఇంట్లో ఒక్క రౌటరుతో సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లె. అత్తగారిల్లు సున్నం కట్టుబడి మండువా లోగిలి. పెరట్లోంచి డెబ్భై మీటర్లు నడిస్తే మావయ్యగారి కురిడీల (ఎండు కొబ్బరికాయల) షెడ్డు వస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ ఉద్యోగాన్ని లాప్‌టాప్ సంచిలో వేసుకుని వచ్చినదాన్ని, ఇక్కడే ఉండిపోయాను. ఇంటినీ షెడ్డునీ కలిపి నేను వేసిన నెట్‌వర్క్‌కి ఐదేళ్లు దాటాయి. ఏది నిలబడిందో, ఏది దండగైందో రాస్తున్నాను.

కనెక్షన్‌తో వచ్చిన రౌటర్ డబ్బాని వీధి గదిలో బిగించి వెళ్లిపోయారు. వీధి గదిలో నెట్ బ్రహ్మాండంగా ఉండేది, పడమటింట్లో సున్నా. ఇంకో రౌటర్ కొని వంటింటి పక్కన పెట్టి వైరుతో కలిపాను. నెట్ వచ్చింది గానీ ప్రింటర్ కనిపించకుండా పోయింది. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక తెలిసింది, రెండు రౌటర్లూ ఇంట్లో పరికరాలకి ఎవరికి వారు అంకెల అడ్రసులు పంచుతున్నాయని. ఒకటి 192.168.1 వరసలో ఇస్తుంటే ఇంకొకటి 192.168.0 వరసలో ఇస్తోంది. రెండోదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి, అంటే అడ్రసులు పంచకుండా సిగ్నల్ మాత్రం ఇచ్చే పద్ధతిలోకి మార్చగానే గొడవ సర్దుమణిగింది. ఒక ఇంట్లో పెత్తనం ఒక్కరికే ఉండాలి. కోడలిగా ఈ సంగతి నాకు ముందే తట్టాల్సింది.

తర్వాత దాన్ని వంటింటి పక్క నుంచి తీసేసి మండువా మూల చూరు కింద, జల్లు కొట్టనంత ఎత్తులో పెట్టాను. మండువా నడిమధ్యన ఆకాశమే తప్ప గోడ లేదు కదా, నాలుగు వసారాలకీ సిగ్నల్ చక్కగా అందుతుంది. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఆ ఖాళీలో హాయిగా పోతుంది, గోడ అడ్డొస్తే మాత్రం చతికిలపడుతుంది. గదుల్లోకి 2.4 గిగాహెర్ట్జే దిక్కు. అత్తయ్యగారు వసారాలో కూర్చుని సీరియల్ చూస్తే ఆగదు, తలుపేసుకుని చూస్తే తిరుగుతూ ఉంటుంది. "తలుపు తీసి చూడండి అత్తయ్యా" అనడం అలవాటైపోయింది.

వైరు దగ్గర నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. పెట్టె మీద క్యాట్ 6 (నెట్‌వర్క్ వైరులో ఒక మేలు రకం) అని ఉంది, ధర సగానికి సగం తక్కువ, తీసుకున్నాను. ఏడాది తిరిగేసరికి లాప్‌టాప్‌లో స్పీడు 95 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోయేది, ఎంత పెద్ద ప్లాన్ వేయించినా అంతే. గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్ నడవాలంటే వైరులోని ఎనిమిది తీగలూ బాగుండాలి. ఒక్కటి తెగినా లింకు 100కి పడిపోవచ్చు. బ్లేడుతో గీరి చూస్తే ఎర్రటి పూత కింద తెల్లటి అల్యూమినియం! అటక మీదంతా లాగిన వైరు పీకి, మళ్లీ అసలు రాగిది వేయించాను. ఈసారి అంగుళం పైపులో వేశాం, ఎలుకల భయానికి. నిజానికి ఇంటి మట్టుకు రాగి క్యాట్ 5ఈ చాలు, వంద మీటర్ల వరకూ గిగాబిట్ మోస్తుంది. క్రింపింగ్, అంటే వైరు కొసకి కనెక్టర్ బిగించడం కూడా నేనే నేర్చుకున్నాను. నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, ఆకుపచ్చ, గోధుమ తెలుపు, గోధుమ అని ఎక్కంలా వల్లె వేసుకుంటూ. మా గాలిలో తేమకి చవక కనెక్టర్లు రెండేళ్లకే చిలుం పడతాయి, కోసి కొత్తవి వేయాల్సిందే.

ఇక షెడ్డు కథ. మొదట రాగి వైరునే కొబ్బరి చెట్ల మీదుగా లాగాం. వంద మీటర్ల లోపే కాబట్టి దూరంతో ఇబ్బంది లేదు. 2021 వేసవిలో ఓ రాత్రి ఈదురుగాలి, ఉరుములు. పక్క తోటలో చెట్టు మీద పిడుగు పడింది. పొద్దున లేచి చూస్తే ఇంట్లో నెట్‌వర్క్ స్విచ్ (వైర్లన్నీ కలిసే పెట్టె), షెడ్డులో కంప్యూటర్ నెట్‌వర్క్ పోర్టు, ప్రింటర్ పోర్టు, మూడూ చచ్చాయి. పిడుగు మా మీద పడనే లేదు. ఆరుబయట సాగిన రాగి తీగ ఆ పోటుని మోసుకొచ్చి ఇంట్లో పెట్టింది.

రెండు కట్టడాల మధ్య రాగి వేయకూడదని అప్పుడు గానీ బుర్రకెక్కలేదు. గాజు తీగలో కరెంటు పారదు కాబట్టి ఫైబర్ వేయించి, రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌లోని వెలుగుని మామూలు వైరు సిగ్నల్‌గా మార్చే పెట్టెలు) పెట్టాం. కేబుల్‌కి ఊతంగా ఉండే ఇనుప తీగని చూరు దగ్గరే కత్తిరించి ఆపాం, లేకపోతే ఇంత చేసీ పిడుగుకి దారిచ్చినట్టే. ఇక్కడా రెండు సార్లు బోల్తా పడ్డాను. ఈ కన్వర్టర్లు జతగా వస్తాయి. ఒకటి 1310 నానోమీటర్ల వెలుగులో పంపి 1550 దగ్గర వింటుంది, రెండోది సరిగ్గా తిరగేసి. నాకు కొట్టులో ఇచ్చినవి రెండూ ఒకే రకం, ఇద్దరూ మాట్లాడేవాళ్లే, వినేవాళ్లు లేరు. మార్చుకొచ్చాక చూస్తే కేబుల్ కొసన ఆకుపచ్చ కనెక్టర్, కన్వర్టర్‌కి నీలం. దూరతాయి గానీ సరిగ్గా ఆనవు. ఆకుపచ్చదాని మొన ఎనిమిది డిగ్రీలు ఏటవాలుగా చెక్కి ఉంటుంది. ఫైబర్ కొసలు అతికే స్ప్లైసింగ్ కుర్రాడు "ఆయ్, నీలంది వేసేత్తానండి" అని పది నిమిషాల్లో మార్చేశాడు. అప్పటి నుంచి ఇప్పటి వరకూ ఎన్ని ఉరుములొచ్చినా ఆ లింకు చెక్కుచెదరలేదు. ఇన్నేళ్లలో నేను పెట్టిన ఖర్చుల్లో ఇంత సార్థకమైంది ఇంకొకటి లేదు.

షెడ్డులో లెక్కల కంప్యూటర్ విండోస్ ఎక్స్‌పీ. దానికి ఫైళ్లు పంచుకోవడానికి తెలిసింది పాత ఎస్ఎంబీ 1 పద్ధతి ఒక్కటే. 2017 చివరి నుంచి కొత్తగా వేసిన విండోస్ 10లో అది మామూలుగా ఆన్‌లో ఉండదు. నేను తెలివిగా లాప్‌టాప్‌లో దాన్ని ఆన్ చేశాను. 2017లో వనాక్రై వైరస్ ఆ దారినే దూరిందని మా మరిది చీవాట్లు పెట్టాక తీసేశాను. మావయ్యగారికి ఎక్స్‌పీ వదలడం అంటే పాత ఎడ్లబండి అమ్మేసినంత బెంగ. చివరికి విండోస్ 10 ఉన్న సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ తెచ్చాం. 2025 అక్టోబర్ 14తో దాని సపోర్టూ అయిపోయింది, ఆ సంగతి ఆయనకి ఇంకా చెప్పలేదు.

ప్రింటర్ చచ్చాక వైఫైది కొన్నాం. దానికి 2.4 గిగాహెర్ట్జ్ తప్ప తెలియదు. రౌటర్‌లో సెక్యూరిటీ కొత్త రకం డబ్ల్యూపీఏ 3 (వైఫైకి తాళం వేసే పద్ధతి) ఒక్కటే పెడితే అది అసలు చేరదు, 2, 3 కలిపి పెట్టాలి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా 'ఆఫ్‌లైన్' అనేది. మా ఊళ్లో కరెంటు సంగతి చెప్పేదేముంది! రౌటర్‌లో దానికి ఒక అడ్రసు ఖాయం చేసేశాక ఆ రోగం కుదిరింది.

చిన్న యూపీఎస్‌లు రెండున్నాయి. కరెంటు పోయినా రెండు మూడు గంటలు నెట్ ఉంటుంది, బ్యాటరీ రెండేళ్లకి మార్చాలి. మా మరిది ఓసారి 12 వోల్టుల పిన్ను తెచ్చి 9 వోల్టుల రౌటర్‌కి గుచ్చాడు. పిన్ను సరిగ్గా పట్టింది, కాలిన వాసన కూడా సరిగ్గానే వచ్చింది. ఇప్పుడు ప్రతి వైరుకీ ప్లాస్టర్ అంటించి వోల్టులు రాసిపెట్టాను.

ఇప్పుడు మావయ్యగారు కురిడీల అటక మీద కెమెరా కావాలంటున్నారు. అక్కడ ప్లగ్ లేదు, రేకుల కప్పు కింద వైఫై రాదు. ఒకే వైరులో నెట్టూ కరెంటూ పంపే కెమెరా, దానికి తగ్గ స్విచ్ కొనాలి. కొట్టువాడు చూపించిన చవక స్విచ్ 24 వోల్టుల రకం, కెమెరా మీదేమో 802.3ఏఎఫ్ అని ఉంది, అంటే 48 వోల్టుల రకం, రెండూ కలవవు. రెండూ అక్కడే పెట్టేసి వచ్చాను, ఆదివారం అమలాపురంలో అడగాలి.