ఇంటి చదువా, బడి చదువా: ఏది మేలు?

మా అమ్మాయికి ఐదేళ్లు నిండినప్పటి నుంచి పదకొండో ఏడు వచ్చే వరకు ఇంట్లో నేనే చదువు చెప్పాను. ఆరో తరగతి నుంచి బడికి పంపుతున్నాను. ఏది మేలని అడిగేవారికి ఒక్క మాటలో జవాబు చెప్పలేను గాని, రెండింటినీ దేనితో తూచి చూడాలో మాత్రం చెప్పగలను. పిల్లలు తప్పు చేసినప్పుడు దాన్ని ఎవరు చూస్తారు, ఎంతసేపట్లో చూస్తారు, చూసి ఏం చేస్తారు అన్నదే నా తూనిక.

ముందు చట్టం సంగతి చెప్పాలి, ఎందుకంటే చాలామంది తల్లిదండ్రుల మొదటి భయం అదే. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా ఇచ్చింది. పిల్లలను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని పదో సెక్షన్ చెబుతుంది కాని, చేర్పించనివారికి శిక్ష ఏమీ రాయలేదు. ఇంటి చదువు ప్రస్తావన ఆ చట్టంలో లేనే లేదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు 50 రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధం. ఇక్కడ అంత స్పష్టత లేదు. అయితే తిరిగి బడికి వెళ్లాలనుకునే పిల్లలకు నాలుగో సెక్షన్ గట్టి ఆసరా. వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని, వెనుకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని అది చెబుతుంది. మా అమ్మాయిని నేరుగా ఆరో తరగతిలో చేర్చగలిగాం.

కాలం విషయంలో చిన్న వయసున ఇల్లే మేలు. చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. అంటే రోజుకు నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ ఒక టీచరు ముప్పై మంది పిల్లలకు పంచవలసినవి. ఇంట్లో గంటన్నర కూర్చుంటే మాకు చదవడం, రాయడం, లెక్కలు పూర్తయ్యేవి, ఎందుకంటే తప్పు పుట్టిన క్షణంలోనే నా కంట పడేది.

ఒక సాయంత్రం భిన్నాల దగ్గర ఆగిపోయాం. 'ఎనిమిది నాలుగు కంటే పెద్దది కదమ్మా, అందుకే 1/8 పెద్దది' అంది. పుస్తకం మూసి, మా అమ్మ బియ్యం కొలవడానికి వాడిన ఇత్తడి కొలపాత్రలు గిద్ద, సోల, తవ్వ కిందికి దించి బియ్యం డబ్బా ముందు పెట్టాను. నాలుగు గిద్దలు పోస్తే సోల నిండింది, ఎనిమిది పోస్తే తవ్వ నిండింది. అప్పుడు గిద్దను చేతిలో పట్టుకుని, 'గిద్ద ఒక్కటే కదా, సోల దగ్గర 1/4, తవ్వ దగ్గర 1/8 ఎలా అయింది?' అని అడిగింది. సోలలోనే ఎనిమిదో వంతు తీయమన్నాను. చాలాసేపు బియ్యం అటూ ఇటూ పోసి అరగిద్ద దగ్గర ఆగింది. ఆ తర్వాత 1/8, 1/4 కంటే పెద్దదని మళ్లీ ఎన్నడూ అనలేదు. గంట కొట్టగానే పాఠం మారిపోయే తరగతి గదిలో ఒక్క బిడ్డ ఒక్క ప్రశ్న కోసం ఇంత బియ్యం, ఇంత సాయంత్రం ఎవరూ ఇవ్వలేరు; అది టీచరు లోపం కాదు.

తెలుగు విషయంలోనూ ఇంటిదే పైచేయి అని నా అనుభవం. వత్తులు తడబడినా, ల, ళ తేడా చెవికి అందకపోయినా పక్కన కూర్చున్నవారికి వెంటనే తెలుస్తుంది. నలభై మంది ఒక్కసారిగా పాఠం వల్లిస్తుంటే చదవడం రాని పిల్లల గొంతు అందులో కలిసిపోతుంది, ఆ సంగతి ఏళ్ల తరబడి బయటపడదు. మా అమ్మాయి బడి నోట్‌బుక్‌లో తప్పు జవాబు మీద కూడా ఎర్ర సిరాతో రైటు గుర్తు చూసిన రోజున నాకు నిజంగా బాధ కలిగింది.

అయితే నా బోధనలో ఉన్న లోపం నాకు ఆలస్యంగా అర్థమైంది. ఏ జవాబు చెప్పే ముందైనా మా అమ్మాయి నా ముఖం చూసేది. నా కనుబొమ్మ కొంచెం కదిలినా జవాబు మార్చేది. తప్పును నేను ఎంత త్వరగా పట్టుకున్నానో, తన తప్పును తాను వెతుక్కునే అలవాటు తనకు అంత తక్కువగా వచ్చింది.

బడిలో చేరిన మూడో నెలలో ఒక పిల్లవాడు బోర్డు మీద 2/3, 1/4 కలిపి 3/7 అని రాశాడట. పైవి పైవి, కిందివి కిందివి కలిపేశాడు. సగం తరగతి అది సరేనంది. 2/3 సగం కంటే ఎక్కువ కదా, దానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువైన 3/7 ఎలా వస్తుందని మా అమ్మాయి వాదించింది. మొదట ఎవరూ ఒప్పుకోలేదు. మర్నాడు రెండు కాగితపు పట్టీలు మడిచి చూపించి ఒప్పించానని వచ్చి చెప్పింది. ఇంట్లో ఆరేళ్లలో తను ఎవరినీ ఒప్పించవలసిన అవసరం రాలేదు, ఎందుకంటే ఎదురుగా కూర్చున్న నాకు జవాబు ముందే తెలుసు. సాటి పిల్లల తప్పులు చూడడం, వాటితో పోట్లాడడం, ఖోఖోలో తన వంతు కోసం కూర్చోవడం నేను ఎంత ప్రయత్నించినా ఇవ్వగలిగినవి కావు. ప్రయోగశాల సంగతి చెప్పనక్కరలేదు.

ఈ పోలిక అందరికీ వర్తించదని కూడా చెప్పాలి. ఇంటి చదువుకు ఒక పెద్ద మనిషి పూట కావాలి; మా ఇంట్లో దాని ఖరీదు ఒక జీతం. ఇద్దరూ కూలికో కొలువుకో వెళ్లే ఇంట్లో, లేదా బిడ్డే మొదటిసారి అక్షరం పట్టిన ఇంట్లో, మధ్యాహ్న భోజనం, పాఠ్యపుస్తకాలు ఇచ్చే ప్రభుత్వ బడి కంటే మేలైనది లేదు.

పరీక్షల దారి మాత్రం అనుకున్నంత ఇరుకు కాదు. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్, 14 ఏళ్లు నిండినవారిని పదో తరగతి స్థాయికి చేర్చుకుంటుంది. ఐదు సబ్జెక్టులు, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు, పూర్తిచేయడానికి ఐదేళ్ల గడువు. ఆంధ్రప్రదేశ్‌కు, తెలంగాణకు సొంత ఓపెన్ స్కూల్ సొసైటీలు ఉన్నాయి. సీబీఎస్‌ఈ బడిలో పది రాయించాలనుకుంటే మాత్రం తొమ్మిదో తరగతిలోనే పేరు నమోదు కావాలి కనుక, ఎనిమిది దాటకముందే నిర్ణయించుకోవాలి.

నా మట్టుకు తీర్పు ఇది: తీరిక ఉన్న పెద్దవారు ఇంట్లో ఉంటే ఎనిమిది, తొమ్మిదేళ్ల వరకు ఇల్లు మేలు, ఆ తర్వాత బడి మేలు. మేము పదకొండో ఏటి వరకు ఆగాం, అది కొంచెం ఎక్కువేనని ఇప్పుడు అనిపిస్తుంది. సాయంత్రాలు ఇప్పటికీ మావే. తను లెక్క చేస్తున్నప్పుడు నేను వంటింటి గుమ్మం అవతల, నా ముఖం కనబడని చోట కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటాను. తనే సరిచూసుకుని నోట్‌బుక్ మూసిన తర్వాతే ఎంత వచ్చిందని అడుగుతాను.