స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్: విశాఖ ఉప్పుగాలిలో ఏళ్ల వాడకం తర్వాత

.177 అంగుళాల బోరు (గొట్టం లోపలి వ్యాసం), బారెల్ వంచి లోడు చేసే స్ప్రింగ్ పిస్టన్ రైఫిల్, చెక్క స్టాక్ (భుజానికి ఆనించే భాగం), 4×32 స్కోప్ (గురి చూసే దుర్భిణి). వాడకమంతా 10 మీటర్ల కాగితపు టార్గెట్ మీదే. 1972 వన్యప్రాణి చట్టం ఉండగా వేట ఆలోచనే కూడదు, కంబాలకొండ అభయారణ్యాన్ని ఆనుకుని ఉన్న మన ఊళ్లో మరీనూ.

తుపాకి గట్టిది. బారెల్ అరుగుదల గురించి బెంగ అక్కర్లేదు, సీసపు పెల్లెట్లు ఉక్కును తినలేవు. కానీ నిన్నటిదాకా రూపాయి బిళ్ల కింద దాగిన గ్రూప్ (వరుస షాట్ల రంధ్రాల గుంపు) ఇవాళ అరచేయంత అవుతుంది. ఇలా హఠాత్తుగా గురి చెడిందంటే చాలాసార్లు ఏదో వదులైందనే అర్థం. స్ప్రింగ్ రైఫిల్ కుదుపు రెండు దిక్కులా ఉంటుంది: స్ప్రింగ్ తోసే పిస్టన్ బయల్దేరగానే వెనక్కి, చివర ఆగగానే ముందుకు. మామూలు తుపాకుల్లో లేని ఆ ముందు కుదుపే స్క్రూలనూ స్కోప్‌నూ పాడుచేస్తుంది.

విప్పడం మొదలుపెట్టకముందు కాగితాన్ని చూడండి. గ్రూప్ బిగువుగానే ఉండి పక్కకు జరిగితే స్కోప్ కదిలిందో, పెల్లెట్ మారిందో. చెల్లాచెదురైతే వదులు, బారెల్ మురికి, లేదా స్కోప్ లోపలి స్ప్రింగ్. చెదురుతూ కిందికి దిగుతుంటే గాలి లీకు. అన్నీ హఠాత్తుగా పైకి పోతుంటే ఎవరో బారెల్ తెరిచి ఉండగా ట్రిగ్గర్ నొక్కారేమో అడగండి. అలా విసురుగా మూసుకున్న బారెల్ పైకి వంగుతుంది. వేళ్లు అడ్డముంటే అవీ నలుగుతాయి.

మొదట స్టాక్ స్క్రూలు: ముందు చెక్కకు అటూ ఇటూ ఉన్నవీ, ట్రిగ్గర్ గార్డ్‌వీ. మన దగ్గర చెక్క వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుంటుంది. జూన్‌లో బిగించినది ఏప్రిల్‌కల్లా వదులే. బిగిసినట్టు తెలిశాక ఇంకా బలం పెడితే చెక్క నలిగి మళ్లీ వదులవుతుంది. స్క్రూ వదులవకుండా పట్టే జిగురు, నీలం రంగు థ్రెడ్‌లాకర్, ఒక్క చుక్క చాలు. ఎరుపుది వద్దు, వేడి చేయకపోతే ఊడదు. తర్వాత బారెల్ కీలు బోల్టు: బారెల్ తెరిచి పక్కకు ఊపితే కదలిక తెలియకూడదు.

ఆ తర్వాత స్కోప్. మౌంట్ (స్కోప్‌ను పట్టి ఉంచే బిగింపు) వెనక, అది కూర్చునే లోహపు పట్టీ మీద పెన్సిల్ గీత గీసి పది షాట్లు కాల్చండి. గీతకూ మౌంట్‌కూ మధ్య వెలితి పెరిగితే లేదా గీత మూసుకుపోతే మౌంట్ జారుతున్నట్టే. దానికి జారకుండా ఆపే స్టాప్ పిన్ ఉన్న మౌంట్ కావాలి. మౌంట్ కదలకపోయినా గురి నిలవకపోతే స్కోప్ తీసేసి, రైఫిల్ సొంత సైట్లతో కాల్చి చూడండి. గ్రూప్ కుదురుకుందా, తప్పు స్కోప్‌దే. ఎయిర్‌గన్ కోసం చేసినది కాకపోతే ఎంత ఖరీదైనదైనా ఈ కుదుపుకు తట్టుకోకపోవచ్చు. గురి సరిచేసే స్కోప్ మర ఒక్క క్లిక్, అంటే పావు నిమిషం కోణం (నిమిషం డిగ్రీలో అరవయ్యో వంతు), 10 మీటర్ల దగ్గర సుమారు 0.7 మిల్లీమీటరే. అందుకే నాలుగైదు సెంటీమీటర్లు తప్పిన గురిని క్లిక్కులతో సరిదిద్దబోకండి.

గాలి లీకు పరీక్షకు టిష్యూ కాగితం ముక్క చాలు. బారెల్ అతుకు మీద పెట్టి, పెల్లెట్‌తోనే కాల్చాలి. ఖాళీగా కాలిస్తే పిస్టన్ సీలు దెబ్బతింటుంది. కాగితం ఎగిరితే బ్రీచ్ సీలు (బారెల్ వెనక మూతి దగ్గర గాలిని ఆపే రింగు) మార్చాలి.

పెల్లెట్ డబ్బా మారిందేమో కూడా చూడండి. పెల్లెట్ తల కొలత 4.49 నుంచి 4.51 మిల్లీమీటర్లకు మారినా కొన్ని బారెళ్లు ఊరుకోవు. తడిగాలికి తెల్లపొడి పట్టినవీ, స్కర్ట్ (వెనక ఉండే పలచని అంచు) నొక్కుకుపోయినవీ తీసేయండి. సీసం గనుక పని అయ్యాక చేతులు కడుక్కోవాలి.

బారెల్‌ను చేపల దారానికి కట్టిన బట్ట ముక్కతో బ్రీచ్ వైపు నుంచి లాగి తుడవాలి. కడ్డీ దూర్చితే మూతి అంచు గీసుకుపోయే ప్రమాదం. శుభ్రం చేశాక పది ఇరవై షాట్లదాకా గురి కుదరదు, స్కోప్ తిప్పకుండా ఓపిక పట్టాలి. తుప్పు భయంతో లోపల నూనె పోయకండి. పిస్టన్ ముందు నూనె మండి, పొగ, పెద్ద చప్పుడు, ఒక్కో షాట్‌కు ఒక్కో వేగం. నూనె పూత పైలోహానికే, అదీ పలచగా. బీచ్ గాలి తగిలే ఇళ్లలో తోలు కవర్‌లో దాచవద్దు, చెమ్మ పట్టి ఉంచుతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉండీ వేగం పడిపోతే మెయిన్‌స్ప్రింగ్ లేదా పిస్టన్ సీలు. స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా వెనక మూత విప్పకండి. నొక్కి ఉన్న స్ప్రింగ్ మొహం మీదికి వస్తుంది. ఆ పని మెకానిక్‌కు అప్పగించండి. కొత్తగా కొనేవాళ్లకు, తీరంలో ఉంటే, చెక్క అందం వదులుకుని సింథటిక్ స్టాక్ తీసుకోమనే నా సలహా.