సిబిల్ రిపోర్టులో పేరు మార్పు: నేరుగానా, బ్యాంకు ద్వారానా?

పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నవాళ్లకూ, పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉండి బ్యాంకు ఖాతాలో పొడి అక్షరమే ఉన్నవాళ్లకూ సిబిల్ (మన అప్పుల, చెల్లింపుల వివరాలు నమోదు చేసే సంస్థ) ఇచ్చే క్రెడిట్ రిపోర్టులో పేరు తేడా వస్తుంది. సరిచేయించుకోవడానికి రెండు దారులున్నాయి.

సిబిల్ వెబ్‌సైటులో అభ్యంతరం నమోదు చేయడం సులువు. ఇంట్లో కూర్చునే చేయవచ్చు, రుసుము లేదు. అయితే అప్పిచ్చిన బ్యాంకు ఒప్పుకోకుండా సిబిల్ తనంతట తాను పేరు మార్చదు. బ్యాంకు రికార్డులో పాత పేరే ఉంటే ‘ఉన్నది సరైనదే’ అన్న జవాబే వస్తుంది.

బ్యాంకు దారిలో తిరుగుడు ఎక్కువ. ముందు ఆధార్, పాన్ కొత్త పేరుకు మార్చుకోవాలి. వివాహ ధ్రువపత్రమో గెజిట్ ప్రకటనో జతచేసి కేవైసీ (బ్యాంకు దగ్గరున్న మన గుర్తింపు వివరాల) మార్పుకు దరఖాస్తు ఇవ్వాలి. దాని నకలుపై బ్యాంకు ముద్ర, తేదీ తప్పక వేయించుకోండి. ఇంటి రుణం ఒకచోట, క్రెడిట్ కార్డు మరోచోట ఉంటే రెండుచోట్లా ఇదే పని. కానీ మూలం మారితే సిబిల్‌తో పాటు అలాంటి సంస్థలే అయిన ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్‌లకూ కొత్త పేరే వెళ్తుంది. అందుకే నా ఓటు దీనికే.

ఒక్క సందర్భంలో మాత్రం ఆగకండి. మీలాంటి పేరే ఉన్న మరొకరి అప్పు మీ రిపోర్టులో కనిపిస్తే, ఆ రోజే సిబిల్‌కు నేరుగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. అడిగి తీసుకోండి.