డిస్ట్రో మారినా హోమ్ మిగలాలంటే: ఇన్‌స్టాలర్ల మీద ఒక సమీక్ష

ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనడం, మొదట ఉబుంటు, ఆర్నెల్లకి మింట్, ఆ తర్వాత ఫెడోరా, ఇలా ఒక్కో లైనక్స్ డిస్ట్రో (లైనక్స్ రకం) ఎక్కించడం బెంగళూరు పీజీల్లో ఉండే మనవాళ్లకి మామూలే. కానీ చాలామంది ప్రతిసారీ డిస్క్ మొత్తం తుడిచి మళ్లీ మొదలుపెడతారు. అందుకే ఇక్కడ డెస్క్‌టాప్ అందం, వేగం పక్కన పెట్టి ఒక్క విషయంలోనే ఇన్‌స్టాలర్లకి (డిస్ట్రోని ఎక్కించే ప్రోగ్రాములకి) మార్కులు వేస్తున్నాం. పాత హోమ్‌ని (మన ఫైళ్లు, సెట్టింగులు ఉండే చోటుని) ముట్టకుండా ఉంచుతుందా, ఆ సంగతి అర్థమయ్యేలా చెబుతుందా?

256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉంటే 512 ఎంబీ ఈఎఫ్ఐకి (బూట్ ఫైళ్లుండే భాగం), 50 జీబీ రూట్‌కి (సిస్టమ్ ఉండే భాగం), మిగతాదంతా హోమ్‌కి ఇస్తే సరిపోతుంది. ఇప్పటికే అంతా ఒకే పార్టిషన్‌లో ఉంటే లైవ్ యూఎస్‌బీ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే పెన్‌డ్రైవ్) నుంచి జీపార్టెడ్ అనే టూల్‌తో చిన్నది చేయాలి. నడుస్తున్న రూట్ ఎక్స్‌ట్‌4 ఫైల్‌సిస్టమ్ (ఫైళ్లని డిస్క్ మీద అమర్చే పద్ధతి) అయితే దాన్ని చిన్నది చేయడం కుదరదు, ఎక్స్‌ఎఫ్ఎస్ అయితే అసలు ఆశ పెట్టుకోవద్దు. హోమ్‌కి ఒక లేబుల్ పెట్టి, పార్టిషన్ల పట్టికని సైజులతో సహా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. రెండు డిస్కులున్న మెషీన్‌లో బూట్‌కీ బూట్‌కీ మధ్య డిస్కుల పేర్లు తారుమారు కావచ్చు. సైజు, లేబుల్ మాత్రం మారవు.

లైనక్స్ మింట్ 22ది పాతకాపు యుబిక్విటీ ఇన్‌స్టాలర్. ‘సమ్‌థింగ్ ఎల్స్’ ఎంచుకుని రూట్‌కి ఫార్మాట్ టిక్కు పెట్టాలి, హోమ్‌కి మౌంట్ పాయింట్ (ఆ పార్టిషన్ ఏ ఫోల్డర్‌గా కనిపించాలో చెప్పేది) మాత్రమే ఇచ్చి టిక్కు వదిలేయాలి. చివర్లో ఏవేవి ఫార్మాట్ అవుతాయో జాబితా చూపిస్తుంది. అందులో హోమ్ కనిపిస్తే వెనక్కి రండి. దీనికో తెలివి ఉంది: హోమ్ విడిగా లేకపోయినా, రూట్‌కి కూడా ఫార్మాట్ టిక్కు పెట్టకపోతే సిస్టమ్ ఫోల్డర్లని మాత్రం తీసేసి హోమ్‌ని వదిలేస్తుంది. అలాగని బ్యాకప్ లేకుండా దీన్ని నమ్ముకోవద్దు. ఉబుంటు 24.04లో ఉన్న కొత్త ఇన్‌స్టాలర్ కూడా మాన్యువల్ దారిలో వెళ్తే చివరి పేజీలో ఫార్మాట్ అయ్యేవాటిని రాసి చూపిస్తుంది. ఆ పేజీని చదవకుండా నొక్కేసేవాళ్లే ఎక్కువ.

డెబియన్ ఇన్‌స్టాలర్ చూడ్డానికి ముసలిదే గానీ మాట స్పష్టం. పార్టిషన్ల జాబితాలో ఉంచేదాని పక్కన ‘కే’, ఫార్మాట్ అయ్యేదాని పక్కన ‘ఎఫ్’ అక్షరం కనిపిస్తుంది. హోమ్ పక్కన ‘కే’ ఉందో లేదో చూసుకుంటే చాలు.

మంజారో, ఎండెవర్‌ఓఎస్, కుబుంటు వాడే కాలమారెస్ ఇన్‌స్టాలర్‌లో పార్టిషన్ ఎడిట్ చేస్తే ‘కీప్’, ‘ఫార్మాట్’ అని రెండు గుండీలు వస్తాయి. ఇంతకన్నా తేటగా ఎవరూ అడగరు. పార్టిషన్ల పేజీలో ‘ఎరేజ్ డిస్క్’ ఎదురుగా కూర్చోవడమే భయం. ఇంకో తప్పు ఏ ఇన్‌స్టాలర్‌లోనైనా జరుగుతుంది: హోమ్‌కి మౌంట్ పాయింట్ ఇవ్వడం మర్చిపోతారు. అప్పుడు కొత్త హోమ్ రూట్ లోపలే పుడుతుంది, లాగిన్ అయితే అంతా ఖాళీ. ఫైళ్లు పోయాయని గుండె జారుతుంది గానీ అవి పాత పార్టిషన్‌లో భద్రంగానే ఉంటాయి. ఎఫ్‌స్టాబ్‌లో (ఏ పార్టిషన్ ఎక్కడ తగలాలో రాసి ఉండే ఫైలు) దాని యూయూఐడీతో (గుర్తింపు సంఖ్యతో) ఒక వరుస రాస్తే తిరిగొస్తాయి.

ఫెడోరా దగ్గర కాస్త ఆగాలి. 33వ విడుదల (2020) నుంచి వర్క్‌స్టేషన్‌లో బీటీఆర్‌ఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టమే డిఫాల్ట్. ఒకే పార్టిషన్‌లో ‘రూట్’, ‘హోమ్’ అని రెండు సబ్‌వాల్యూములు (లోపలి విభాగాలు) ఉంటాయి. వర్క్‌స్టేషన్ 42లో వచ్చిన కొత్త వెబ్ ఇన్‌స్టాలర్ ‘రీఇన్‌స్టాల్ ఫెడోరా’ అనే దారి చూపిస్తుంది. ఫెడోరా మీద ఫెడోరా వేసుకునేవాళ్లకి హాయి. వేరే డిస్ట్రోకి మారేవాళ్లకి మాత్రం ఇబ్బంది. మింట్ ఇన్‌స్టాలర్ బీటీఆర్‌ఎఫ్ఎస్‌లో సబ్‌వాల్యూములకి ముందు ‘యట్’ (@) గుర్తున్న పేర్లు పెడుతుంది. అందుకని ఫెడోరా హోమ్ దానికి హోమ్‌గా దొరకదు. తరచూ మారే అలవాటుంటే హోమ్‌ని విడి ఎక్స్‌ట్‌4 పార్టిషన్‌గా ఉంచడమే మేలు.

ఈ విషయంలో ఎక్కువ మార్కులు ఓపెన్‌సూసే లీప్ 15లోని యాస్ట్ ఇన్‌స్టాలర్‌కే. ఎక్స్‌పర్ట్ పార్టిషనర్‌లో ‘ఇంపోర్ట్ మౌంట్ పాయింట్స్’ నొక్కితే పాత ఎఫ్‌స్టాబ్ చదివి ఏది ఎక్కడ ఉండాలో తనే పట్టుకుంటుంది. పాత యూజర్లని కూడా తెచ్చుకోవచ్చు. లోపం ఒకటుంది: ఇక్కడ యూజర్ ప్రధాన గ్రూపు 100 నంబరున్న ‘యూజర్స్’. డెబియన్ కుటుంబంలో ఒక్కో యూజర్‌కి సొంత గ్రూపు ఉంటుంది. కాబట్టి అటూ ఇటూ మారాక గ్రూపు సరిచేసుకోవాలి.

హోమ్ మిగిలినంత మాత్రాన పని అయిపోలేదు. ఫైళ్ల మీద యజమానిగా ఉండేది మీ పేరు కాదు, యూజర్ నంబరు. ఇప్పటి డిస్ట్రోలన్నీ మొదటి యూజర్‌కి 1000 ఇస్తాయి గనుక సాధారణంగా సరిపోతుంది. ల్యాప్‌టాప్‌లో ఇద్దరు యూజర్లుంటే పాత వరుసలోనే సృష్టించండి, లేకపోతే ఒకరి ఫైళ్లు ఇంకొకరివి అవుతాయి. ఉబుంటు నుంచి ఫెడోరాకి వస్తే పాత ఫైళ్లకి ఎస్‌ఈలైనక్స్ లేబుళ్లు (ఫెడోరా వాడే భద్రతా గుర్తులు) ఉండవు, ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) కీలతో లాగిన్ లాంటివి మొరాయిస్తాయి. రెస్టోర్‌కాన్ ఆదేశాన్ని హోమ్ మొత్తం మీద ఒకసారి నడిపితే తీరిపోతుంది.

చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లది ఇంకో గొడవ. నోమ్, కేడీఈ డెస్క్‌టాప్‌ల సెట్టింగులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి థీములు పాడవుతాయి. పాత యూజర్ పేరే వాడకుండా కొత్త పేరుతో యూజర్‌ని సృష్టించి, పాత ఫోల్డర్ నుంచి డాక్యుమెంట్లు, ఫొటోలు, ఎస్‌ఎస్‌హెచ్ కీలు, బ్రౌజర్ ప్రొఫైల్ మాత్రమే తెచ్చుకుని యజమానిని మార్చడం శుభ్రమైన పద్ధతి. ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ ఉబుంటు 22.04 నుంచి స్నాప్ (ఉబుంటు ప్యాకేజీ పద్ధతి) ఫోల్డర్ లోపల ‘కామన్’లో దాక్కుంటుంది. మింట్‌కి మారాక బుక్‌మార్కులు మాయమయ్యాయంటే కారణం అదే. కొత్త డిస్ట్రోలో ఫైర్‌ఫాక్స్ వెర్షన్ పాతదైతే ఆ ప్రొఫైల్‌ని తెరవనని మొండికేస్తుంది. ముందు దాన్ని అప్‌డేట్ చేయండి.

అసలు హోమ్‌లో లేనివి చాలా ఉంటాయి. డాకర్ వాల్యూములు, వర్చువల్ మెషీన్ ఇమేజ్‌లు, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ డేటా సాధారణంగా రూట్‌లోని ‘వార్’ ఫోల్డర్ కిందే. రూట్ ఫార్మాట్ అయితే అవీ పోతాయి. ఐటీ పని చేసేవాళ్లు ఏడ్చేది ఎక్కువగా ఇక్కడే. మింట్‌లో టైమ్‌షిఫ్ట్ అనే బ్యాకప్ టూల్ ఉందిగా అనుకోవద్దు, డిఫాల్ట్‌గా అది హోమ్‌ని వదిలేస్తుంది.

బ్యాకప్‌కి బయటి డిస్క్‌ని ఎక్స్‌ట్‌4గా ఫార్మాట్ చేయండి. దుకాణం నుంచి వచ్చినట్టే ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంచితే పర్మిషన్లు, సిమ్‌లింకులు (ఫైళ్లకి షార్ట్‌కట్లు) నిలవవు, కీ పర్మిషన్ తెరిచి ఉందని ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని తిరస్కరిస్తుంది. కాపీ చేసే ఆర్‌సింక్ ఆదేశానికి చిన్న ‘ఏ’తో పాటు పెద్ద ‘హెచ్’, ‘ఏ’, ‘ఎక్స్’ స్విచ్చులు ఇవ్వాలి. పని ఎస్పీ రోడ్డులో ఎవరికైనా అప్పగిస్తుంటే, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ కాపీ చేయడం బ్యాకప్ కాదని ముందే చెప్పండి.

తెలుగు ఫాంట్ల మాట. మండలి, రామభద్ర లాంటివి హోమ్‌లోని ఫాంట్స్ ఫోల్డర్‌లో వేసుకుని ఉంటే మిగులుతాయి, సిస్టమ్ ఫోల్డర్‌లో వేస్తే రూట్‌తో పాటే పోతాయి. కీబోర్డు ఎంపిక కూడా హోమ్‌లోనే ఉంటుంది గానీ, ఎం17ఎన్ పద్ధతితో టైప్ చేసేవాళ్లకి ఐబస్ ఎం17ఎన్ ప్యాకేజీ వేసేదాకా పట్టికలో తెలుగు ఉన్నా అక్షరం పడదు.