రాజుల కోరలు పీకిన చోట్లు చూసొచ్చాం

అమ్మాయి వాళ్లు ఇంగ్లండ్‌లో, లండన్ దగ్గర రెడింగ్‌లో ఉంటారు. రెండు నెలలు ఉండొద్దామని వెళ్లాం. మొదటి వారంలోనే టవర్ బ్రిడ్జి, మైనపు బొమ్మలు అయిపోయాయి. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పినవాణ్ని. ‘మాగ్నా కార్టా, 1215’ అని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఇంగ్లండ్ రాజు అధికారానికి హద్దులు పెట్టిన ఒప్పంద పత్రం అది. అది పుట్టిన చోటు చూడాల్సిందేనని పట్టుబట్టాను. "అక్కడ గడ్డి తప్ప ఏమీ ఉండదండీ మామయ్య గారూ" అన్నాడు అల్లుడు.

అతని మాట నిజమే. వాటర్లూ వెళ్లే రైలెక్కి ఎగమ్‌లో దిగి, అరగంట నడిస్తే థేమ్స్ పక్కన పెద్ద పచ్చిక బయలు. అదే రన్నీమీడ్. పన్నులు, జరిమానాలతో వేధిస్తున్నాడని తిరగబడ్డ ప్రభువులు జాన్ రాజు మెడలు వంచి జూన్ 15న ఒప్పించింది ఇక్కడే. సంతకం చేశాడని పిల్లలకి చెప్పేవాణ్ని గానీ, పత్రానికి పడింది ముద్రే. నా దగ్గర చదివినవాళ్లెవరైనా ఉంటే దిద్దుకోండి.

గుర్తుగా ఉన్న రాతి మంటపం కట్టించింది ఇంగ్లీషువాళ్లు కూడా కాదు, 1957లో అమెరికా లాయర్ల సంఘం. నాకు నచ్చింది మాత్రం 2015లో, 800 ఏళ్లు నిండినప్పుడు, ఆరుబయట వేసిన 12 కంచు కుర్చీలు. కోర్టులో తీర్పు చెప్పే పన్నెండుమంది జ్యూరీకి గుర్తు. ఎవరైనా కూర్చోవచ్చు. మా ఆవిడ ఒకదాంట్లో కూర్చుని పులిహోర డబ్బా తీసింది. టికెట్ లేదు, కారుకి పార్కింగ్ మాత్రం కట్టాలి. వాన పడ్డాక చెప్పులతో వెళ్లకండి, నాలాగా బురదలో తేలతారు.

అసలు పత్రం కోసం సాలిస్‌బరీ వెళ్లాలి. 1215 నాటి ప్రతులు నాలుగే మిగిలాయి: బ్రిటిష్ లైబ్రరీలో రెండు, లింకన్ అనే ఊరి కేథడ్రల్‌ది ఒకటి, ఇక్కడిది ఒకటి. బేసింగ్‌స్టోక్‌లో రైలు మారితే సరి. పొద్దున వెళ్లి సాయంత్రానికి రావచ్చు. మేం మాత్రం తెలివి తక్కువగా రాత్రి ఉన్నాం. మోకాళ్ల నొప్పులని ముందే రాస్తే కింది గది ఇస్తామన్న గెస్ట్‌హౌస్ వాళ్లు, తీరా వెళ్లాక మూడో అంతస్తు తాళం చేతిలో పెట్టారు. లిఫ్ట్ లేదు. అడిగితే చిరునవ్వు, సారీ. పొద్దున్నే ఇచ్చిన టోస్టు, బీన్స్ వేడిగా ఉన్నాయి, అది ఒప్పుకోవాలి.

పత్రాన్ని కేథడ్రల్ (పెద్ద చర్చి) వాళ్ల సమావేశ మందిరమైన చాప్టర్ హౌస్‌లో, గుడారం లాంటి చీకటి గదిలో పెట్టారు. ఒక్కటే తోలు కాగితం, దాని మీద ఇంచుమించు 3,500 లాటిన్ మాటలు. అక్షరాలు ఆవగింజలంత. చట్టప్రకారం తీర్పు లేకుండా స్వతంత్రుణ్ని పట్టి జైల్లో వెయ్యకూడదన్న మాట అందులోనే ఎక్కడో ఉంది. అందరూ దాన్నే చెప్పుకుంటారు. నాకైతే అసలు పదును ఇంకో షరతులో కనిపిస్తుంది: రాజు మాట తప్పితే 25 మంది ప్రభువులు ఆయన కోటలు, భూములు పట్టుకోవచ్చు! ఏ రాజు ఊరుకుంటాడు? రెండు నెలలు తిరిగేసరికి పోప్ చేత పత్రాన్నే రద్దు చేయించాడు. మరుసటేడు జాన్ పోయాక పసివాడైన కొడుకు పేరున మళ్లీ ఇచ్చారు గానీ, ఆ షరతు ఎత్తేశారు.

ఒక్కచోటికే టైముంటే మాత్రం లండన్‌లో పార్లమెంటు ఉన్న వెస్ట్‌మినిస్టర్ వెళ్లండి. పార్లమెంటు టూరు ఎక్కువగా శనివారాలు, సభలకి సెలవులప్పుడు ఉంటుంది. ముందే బుక్ చేసుకోవాలి. ఖరీదు ఎక్కువే, అయినా దండగ కాదు. ఎగువ సభ లార్డ్స్‌లో బంగారు సింహాసనం కళ్లు చెదిరేట్టుంటుంది, దాని మీద కూర్చుని రాజు చదివేది మంత్రులు రాసిచ్చిన ప్రసంగం. పార్లమెంటు పాస్ చేసిన బిల్లుని కాదన్న చివరి వ్యక్తి ఆన్ రాణి, 1708లో. జనం ఎన్నుకున్న దిగువ సభ కామన్స్ గడపైతే రాజు తొక్కనే కూడదు. 1642లో ఒకటో చార్లెస్ అయిదుగురు సభ్యుల్ని పట్టుకోవడానికి సైనికులతో వచ్చిపడ్డాడు. ఆ తర్వాత ఏ రాజూ ఆ సభలోకి అడుగు పెట్టలేదు.

అదే చార్లెస్‌ని 1649 జనవరిలో విచారించిన చోట, వెస్ట్‌మినిస్టర్ హాలు మెట్ల మీద, ఇత్తడి రేకు ఉంది. జనం చూసుకోకుండా తొక్కుకుంటూ పోతున్నారు. మన దేశంలో గవర్నర్ జనరల్‌గా చేసిన అక్రమాలకి వారెన్ హేస్టింగ్స్‌ని ఏడేళ్లు విచారించి వదిలేసింది కూడా ఈ హాల్లోనే. ఆ కథ గుర్తొచ్చి కాస్త మండింది. చార్లెస్ విచారణ మొదటి రోజున ఆయన చేతికర్రకున్న వెండి పిడి ఊడి కిందపడిందట. ఎవరైనా తీసిస్తారని చూశాడు. ఎవరూ కదల్లేదు. తనే వంగి తీసుకున్నాడు.

"ఒక్కడంటే ఒక్కడు కూడా తీసివ్వలేదా?" అని మా ఆవిడ రెండుసార్లు అడిగింది. పది రోజులకి చార్లెస్ తల తీసిన చోటు, రాజుల విందుల భవనం బాంక్వెటింగ్ హౌస్, అక్కడికి నాలుగడుగులే. లోపలికి వెళ్లే ఓపిక లేక ఎదురు పేవ్‌మెంటు మీంచే చూసి, పాడింగ్టన్‌లో రెడింగ్ రైలెక్కేశాం.