చెల్కలో వాన నీటిని నిలిపిన సేవ: ఒక రైతు అభిప్రాయం
నర్సంపేట దగ్గర వాలుగా ఉన్న మా 2 ఎకరాల ఎర్ర చెల్కలో నేల కోతను ఆపేందుకు, రైతులతో కలిసి వాటర్‌షెడ్ పనులు (వాన నీటిని, మట్టిని కొట్టుకుపోకుండా నిలిపే పనులు) చేసే ఒక స్వచ్ఛంద సంస్థ సాయం నిరుడు తీసుకున్నాము. ఇంగ్లీషు ‘ఏ’ అక్షరం ఆకారంలో కట్టిన కర్రల చట్రానికి దారంతో రాయి వేలాడదీసి, సమమట్టపు గీతను (వాలులో ఒకే ఎత్తున ఉన్న చోట్లను కలిపే గీతను) అడుగడుగునా మా చేతనే గుర్తు పెట్టించి, దాని వెంబడి కందకాలు తవ్వించి, తీసిన మట్టిని దిగువ వైపు గట్టుగా పోయించిన తీరు నాకు ఎంతో నచ్చింది. 13వ శతాబ్దంలో, కాకతీయ రాజు గణపతిదేవుని కాలంలో పాకాల చెరువు వెలసిన ఈ ప్రాంతంలో వాలును గుర్తించే విద్య మళ్ళీ రైతు చేతికి రావడం నాకు నిజంగా సంతోషం కలిగించింది. మొదటి పెద్ద వానకు కందకాలలో నిలిచిన నీరు 2 రోజులలో ఇంకిపోయింది. గట్లపై వేయవలసిన కంది విత్తనాలను మాత్రం అదను దాటాక ఇచ్చారు. ఈ లోపం తప్పక సరిదిద్దుకోవాలి.