జొన్నరొట్టెనా, తెలంగాణ సోనా అన్నమా?

షుగరు వచ్చిందనగానే ఇంట్లో మొదటి గొడవ అన్నం గురించే. తెలంగాణ సోనా (ఆర్‌ఎన్‌ఆర్ 15048) బియ్యం గ్లైసీమిక్ సూచిక (తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె) దాదాపు 51. మామూలు సన్నబియ్యానిది సాధారణంగా అంతకంటే ఎక్కువ. అలాగని కంచం నిండా పెట్టుకుంటే లాభం లేదు, పిండిపదార్థం పిండిపదార్థమే.

జొన్నల్లో 100 గ్రాములకు పీచు సుమారు 10 గ్రాములు. పాలిష్ పట్టిన బియ్యంలో 3 కూడా ఉండదు. పైగా రెండు రొట్టెలకే కడుపు నిండుతుంది. అన్నంలా పప్పుకోసారి, చారుకోసారి, పెరుగుకోసారి మారు వడ్డన ఉండదు. చిక్కల్లా రొట్టె తట్టడమే, అది అందరికీ చేతకాదు.

నా ఓటు రాత్రికి రొట్టె, గోంగూర పప్పు. మధ్యాహ్నం కొలిచిన ఒక్క కప్పు సోనా అన్నం. ఇన్సులిన్, మాత్రలు వాడేవాళ్లు మాత్రం తిండి తగ్గించే ముందు డాక్టరును అడగాలి, షుగరు మరీ పడిపోవచ్చు.